పన్నెండో అధ్యాయంలో ఏడవాల్సిన మనిషి

వానలు మొదలైతే ఉప్పు పని ఆగిపోతుంది. మళ్ళలో ఉప్పు గీసే జనమంతా ఊళ్ళకి పోయి నాట్లు వేసుకుంటారు. తాటాకులు కప్పిన ఉప్పు గుట్టలు, వాటి చుట్టూ మోకాలి లోతు నీళ్ళు, నీళ్ళలో కొంగలు మిగులుతాయి. నౌపడ ఉప్పు ఆఫీసులో కాపలాకి ఒక గుమాస్తా కూడా మిగలాలి. పెళ్ళయినవాడికి సెలవు, పెళ్ళికానివాడికి డ్యూటీ, ఇదీ మా పెద్దగుమాస్తా ధర్మం. ఆ ధర్మం పుణ్యమా అని అరవైల చివర్లో వరసగా రెండు వర్షాకాలాలు నేనే మిగిలాను.

ఆఫీసు వెనకే గది. ఉప్పుగాలికి గోడల సున్నం పెచ్చులుగా రాలేది. పొద్దున్న వండిన అన్నమే రాత్రికీ తినేవాణ్ణి. రెండేసి రోజులు నోట్లోంచి మాట వచ్చేది కాదు. మూడో రోజు స్టేషను దగ్గర టీ కొట్టుకి వెళ్ళి "ఒక టీ" అంటే, ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చేది. నాకప్పుడు ఇరవైనాలుగేళ్ళు. ఒంటరిగా ఉండటం అలవాటే అని అందరితో గొప్పగా చెప్పేవాణ్ణి. అబద్ధం. పర్లాకిమిడి వెళ్ళే చిన్నబండి కూత పెడితే, ఎక్కేవాళ్ళెవరో దిగేవాళ్ళెవరో చూడ్డానికి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాణ్ణి.

ఆ రోజుల్లోనే కథలు రాయడం ముదిరింది. నేను రాసే పద్ధతికి పద్ధతి అనే పేరు పెట్టడం కూడా దండగే. ఏదో ఒక వాక్యం తగిలేది. "ఆ మనిషి గొడుగు మరిచిపోయి బండి ఎక్కాడు" అని రాసుకునేవాణ్ణి. ఆ మనిషెవరో, ఎక్కడికి పోతున్నాడో నాకు తెలీదు. కరెంటు లేని ఇంట్లో చీకట్లో మంచినీళ్ళ కుండ వెతుక్కున్నట్టు, చెయ్యి చాచి తడుముకుంటూ పోవడమే. కుండ తగిలితే కథ. గోడ తగిలితే కాగితం ఉండచుట్టి అవతల పారెయ్యడం. అలా రాసినవి ఎనిమిదో తొమ్మిదో అచ్చయ్యాయి. తర్వాత ఏమవుతుందో తెలియకపోవడం ఒక్కటే ఆ గదిలో నాకు తోడు. తెలిసిపోతే రాసే పనేముంది?

ఈ మాట మీదే నాకూ నా స్నేహితుడికీ రోజూ పేచీ. వాడు స్టేషన్లో బుకింగ్ క్లర్కు, బాప్టిస్టు మిషను వాళ్ళ ఇంటి పిల్లవాడు. వాళ్ళ నాన్న ప్రసంగీకుడు. ఏ ఆదివారమైనా ప్రసంగాన్ని మూడు భాగాలు చేసి, మూడింటికీ మూడు పేర్లు పెట్టి, ఒక కార్డు మీద రాసుకుని గాని లేచి నిలబడేవాడు కాదట. ఆ రక్తమే వీడిదీ. కథ రాయడు గాని, రాసేవాడికి సలహా ఇవ్వడంలో ముందుంటాడు. మతాలు వేరైనా నన్ను బావా అనేవాడు. మా వైపు స్నేహం ముదిరితే వరస దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

"ప్లాను గీయకుండా పునాది తవ్వుతావేటి బావా? రేపు గోడలు లేసాక తలుపెటు పెడతావు?" అనేవాడు.

"ఎటు గాలొస్తే అటు."

"అలగైతే ఉప్పు గుట్ట కట్టుకో, ఇల్లు కట్టకు."

రెండో వర్షాకాలంలో ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. ముందు కథాసంగ్రహం, మూడు అధ్యాయాలు పంపాలి. నచ్చితే మిగతాది దీపావళి లోపల పంపమంటారు, బాగుంటే సీరియల్‌గా వేస్తారు. కథలు ఎన్ని రాసినా రెండు పేజీల మనిషినే. నవల వస్తే, వారం వారం నా పేరు రైల్లో ఊరూరూ తిరుగుతుంది. నాకోసం ఎక్కడో ఎవరో ఎదురుచూస్తారు. ఆ ఆశ నన్ను పట్టుకుంది. సంగ్రహం అన్నారు గనక నా జన్మలో మొదటిసారి ప్లాను గీశాను. బుకింగ్ క్లర్కు దగ్గరుండి గీయించాడు, పాత టైంటేబుల్ వెనక, అధ్యాయానికో గడి చొప్పున పన్నెండు గళ్ళు కొట్టి మరీ.

చిత్రమేమిటంటే, గళ్ళు నింపడానికి నేను తడుముకోనేలేదు. పన్నెండో గడి ముందే నిండి ఉంది. పదిహేడేళ్ళుగా నిండి ఉంది. మిగతా పదకొండూ దాని కోసం పుట్టించినవే.

మాది రామతీర్థం దగ్గర పల్లె. నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ ఇల్లు వదిలి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆరునెలలు తిరిగేసరికి కళింగపట్నం దగ్గర ఒకాయనతో మారుమనువు వెళ్ళింది. మా వైపు వ్యవసాయం చేసుకునే ఇళ్ళల్లో ఇది తప్పు కాదు. పొసగకపోతే ఆడమనిషి వెళ్ళిపోతుంది, రెండు ఊళ్ళ పెద్దలు కూర్చుని తగువు తీరుస్తారు, ఆమె ఇంకొకరిని మనువాడుతుంది. పాలు మరిచిన బిడ్డ తండ్రి ఇంట్లోనే ఉండిపోతాడు. ఎవరూ బుగ్గలు నొక్కుకోరు. నా కడుపుమంటంతా అక్కడే. ఊరు తప్పని ఉంటే, ఆ తప్పు చూపించి ఏడ్చేవాణ్ణి. ఏ తప్పూ లేదని పెద్దలే తేల్చేశాక నేను ఎవరి మీద ఏడవాలి? నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆ సంగతి మాట్లాడనూ లేదు. నాయనమ్మ మాత్రం రోజూ తిట్టేది. అమ్మ మనువు వెళ్ళిన ఊరి పేరు నాకు ఆ తిట్లలోంచే తెలుసు.

పన్నెండో గడిలో రాసినది ఇది: కథానాయకుడు ఉప్పు ఆఫీసులో గుమాస్తా. వానలో తడుస్తూ తల్లి వస్తుంది. కాళ్ళ మీద పడి భోరున ఏడుస్తుంది. క్షమించమంటుంది. అతను ముఖం తిప్పుకుంటాడు. సమాప్తం.

నెల తిరక్కుండా పత్రికనుంచి ఉత్తరం వచ్చింది. సంగ్రహం నచ్చింది, ముఖ్యంగా ముగింపు హృదయాన్ని కదిలించేలా ఉంది, అలాగే రాసి పంపండి అని. ఆ ఉత్తరం పట్టుకుని స్టేషనుకి పరిగెత్తాను. మా వాడు టికెట్ల కిటికీలోంచే చెయ్యి బయటపెట్టి నా భుజం తట్టాడు.

"సూసావా? ప్లానంటే అదీ," అన్నాడు.

ముందే పంపిన మూడూ పోను, మిగతా ఎనిమిది అధ్యాయాలు ఇరవై రోజుల్లో అయిపోయాయి. అంత వేగంగా నేనెన్నడూ రాయలేదు, అంత విసుగ్గానూ రాయలేదు. ఏ గడిలో ఏముందో చూడ్డం, దాన్ని నాలుగు పేజీలు లాగడం. పాత్రలు బడిపిల్లల్లాగా లైనులో నిలబడి, పేరు పిలవగానే వచ్చి చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయేవి. రాత్రి దీపం ఆర్పితే ఒక్క పాత్రా నాతో ఉండేది కాదు. ఇంతకుముందు గదిలో నేను ఒంటరినే అయినా, కాగితం మీద ఎవరో ఉండేవారు. ఇప్పుడు వాళ్ళూ లేరు. ఫరవాలేదు, పన్నెండో అధ్యాయం వస్తుందిగా అని సముదాయించుకున్నాను. నా ఆకలంతా దాని మీదే.

వచ్చింది. వాన కురిపించాను. తల్లిని గుమ్మం దాకా తెచ్చాను. ఇక కాళ్ళ మీద పడాలి.

పడలేదు. గుమ్మంలో ఆగి, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళడిగింది.

సరే, దూరం నుంచి వచ్చిన మనిషి, బురదకాళ్ళు, న్యాయమే అనుకుని నీళ్ళిప్పించాను. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి గోడ మీద చెయ్యి వేసింది. "ఈ సెమ్మలో ఎలగుంటన్నావురా?" అంది. నేను ఆ కాగితం చింపేశాను. రెండోసారి రాశాను. ఈసారి కొంగు పిండుకుని, తిన్నగా పొయ్యి దగ్గరికి పోయి గిన్నె మూత తీసింది. "మెతుకులు ముద్దయిపోనాయి. గంజి వార్సడం రాదేటి నీకు?" అంది. ఇంకో కాగితం. నాలుగోసారి వచ్చి ఏమీ మాట్లాడకుండా మంచం అంచు మీద కూర్చుని, కిటికీలోంచి ఉప్పు గుట్టలు చూసింది. ఆరోసారి చిన్నగా నవ్వింది కూడా. ఏడవడం తప్ప అన్నీ చేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కలం, నా కాగితం, నా పన్నెండో అధ్యాయం. ఒక్క ఏడుపు ఏడిస్తే ఆమె సొమ్మేం పోయింది? ఇంకు బుడ్డి తీసి గోడకేసి కొట్టాను. ఆ తర్వాత గోడ కడుక్కోడానికి అరపూట పట్టింది. నవల రాసేవాడి కోపం తిరిగి వాడికే చాకిరీ.

బలవంతంగా ఒకటి రాశాను. అందులో ఏడిపించాను. "ఆమె కన్నీరు మున్నీరుగా విలపించింది" అని రాసి, అది చదువుకుని సిగ్గుపడ్డాను. అటువంటి ఏడుపు నేను కథల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

దీపావళి ఇరవై రోజుల్లోకి వచ్చింది. కాగితాల కట్ట పట్టుకుని మా వాడి దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం మెయిలు వెళ్ళిపోయాక వాడికి రెండు గంటలు పనుండదు. బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని పదకొండూ చదివాడు. ఏడిపించిన పన్నెండో దాన్నీ చదివాడు. ప్లాను గీయించినవాడు గనక మెచ్చుకుంటాడనుకున్నాను.

"లగేజీ రసీదుల్లాగున్నాయి బావా," అన్నాడు. "సరుకంతా రాసున్నాది. మనిసి లేడు."

అప్పుడు సంచీలోంచి, చింపి మళ్ళీ అతికించుకున్న ఆ కాగితాలు ఇచ్చాను. ఎందుకు అతికించానో అడిగితే చెప్పలేను. ఒక్కొక్కటే చదివాడు. గంజి దగ్గర నవ్వాడు. మంచం అంచు మీద కూర్చున్న దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఈవిడెవరు?"

చెప్పాను. అప్పటిదాకా వాడికి మా అమ్మ చచ్చిపోయిందని చెప్పి ఉంచాను. అది కూడా అప్పుడే ఒప్పుకున్నాను. వాడు కోప్పడలేదు.

"సూసి ఎన్నాల్లయింది?"

"పదిహేడేళ్ళు."

"మరి ఆవిడ ఎలగేడుస్తాదో నీకేటి తెలుసు బావా?"

కాగితాలు లాక్కుని వచ్చేశాను. మూడు రోజులు స్టేషను వైపు వెళ్ళలేదు. వాడన్న మాట ఒక్కటే గదిలో తిరిగింది. పదిహేడేళ్ళుగా నేను పగ పట్టిన మనిషి ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. ముక్కుపుడక ఎడమవైపో కుడివైపో చెప్పలేను. తెలియని మనిషిని ఏడిపించడానికి పన్నెండు అధ్యాయాలు కట్టాను. ఆదివారం పొద్దున్న వెళ్ళి టికెట్ల కిటికీ ముందు నిలబడ్డాను. వాడు ఎక్కడికని అడగలేదు. ఆమదాలవలస టికెట్టు కొట్టి ఇచ్చాడు.

రైల్లో కూర్చుని ఏం చేశాననుకున్నారు? ప్లాను వేశాను. టికెట్టు పట్టుకున్న చేతితోనే సిగరెట్టు పెట్టె చింపి, దాని లోపలివైపు రాసుకున్నాను. మొదట ఏమీ మాట్లాడకూడదు. ఆమె గుర్తుపట్టకపోతే ఎవరో చెప్పకూడదు. గుర్తుపడితే ఒకే ఒక్క ప్రశ్న: నన్నెందుకు వదిలేశావు? జవాబు ఏది చెప్పినా లేచి వచ్చెయ్యాలి. ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం, అక్కణ్ణుంచి కళింగపట్నం బస్సు. ఊరు ఇంకో మైలుందనగా దిగి, పల్లె పేరు అడుగుతూ గట్టు మీద నడిచాను.

వాసన ముందొచ్చింది. గోగు కట్టలు గుంటల్లో ఊరబెట్టి నార తీసే రోజులవి. ఆ కుళ్ళు కంపు తెలియనివాడికి వాంతి వస్తుంది, పుట్టి పెరిగినవాడికి ఇల్లు గుర్తొస్తుంది. గుంట ఒడ్డున అయిదారుగురు ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా చీరలెగ్గట్టి నార ఒలుస్తున్నారు. ఫలానా ఆవిడ ఎవరని అడగడానికి నోరు తెరిచాను. ఒకామె చేతిలో నార అలాగే పట్టుకుని నన్ను చూసింది. చేతులు ఆగిపోయాయి. సన్నగా, నల్లగా, నేను అనుకున్నదానికంటే పొట్టిగా ఉంది. ముక్కుపుడక కుడివైపు.

"నువ్వా?" అంది.

నా ప్లానులో మొదటి అంశం ఏమీ మాట్లాడకపోవడం. అది మాత్రం బాగా జరిగింది.

"ఆ నిలబడ్డం సూస్తే తెల్దేటి? మీ అయ్యా ఇలగే ఒంటి కాలు మీద బరువేసి నిలబడీవోడు," అంది. పక్కనున్న ఆడవాళ్ళతో, "మా పెద్దోడు" అంది, నేను వారం వారం వచ్చేవాణ్ణయినట్టు. వాళ్ళు కూడా "అలాగా" అని మళ్ళీ నార తీసుకోసాగారు. మా వైపు మనుషులు ఇంతే. పెద్ద సంగతుల్ని చిన్న మాటల్లో పెట్టి పక్కన పెట్టేస్తారు.

ఆమె నన్ను ముట్టుకోలేదు. చెయ్యి కొంచెం ముందుకి వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది. "సేతులు కంపు," అంది.

ఇంటికి తీసుకెళ్ళింది. ఆయన, పిల్లలు పొలంలో ఉన్నారట. పెరట్లో చేతులు చింతపండు పెట్టి తోముకుంటూ చాలాసేపు కడుక్కుంది. నేను అరుగు మీద కూర్చున్నాను. చోడి అంబలి, ఉల్లిపాయ, ఎండుచేప కాల్చింది పెట్టింది. ఏం పని చేస్తున్నానో అడిగింది. ఉప్పు ఆఫీసన్నాను. పెళ్ళయిందా అంది. లేదన్నాను. కథలు రాస్తానని చెప్పలేదు. చెప్పాలనిపించింది గాని, ఏ కథ అని అడిగితే ఏం చెప్పను?

తినడం అయ్యాక నా ప్రశ్న అడిగేశాను. సిగరెట్టు పెట్టె మీద రాసుకున్నట్టే అడుగుదామనుకున్నాను. అది ఏడేళ్ళ పిల్లాడి గొంతుతో బయటికొచ్చింది.

"నన్నెందుకు ఒగ్గీసి ఎల్లిపోనావమ్మా?"

ఆమె తప్పించుకోవాలని చూడలేదు. నిజంగా గుర్తు తెచ్చుకుంటోంది.

"ఎల్లిపోదామనీసి ఎల్లలేదు బాబూ," అంది. "పొయ్యి మీద అంబలి ఎట్టీసి నీల్లకెల్లాను. ఎల్లిపోదామనుకున్నదైతే పొయ్యి ముట్టిస్తాదేటి? బావి కాడ కడవ దింపినాను. తలెత్తి సూస్తే దారి కనబడింది. అలగ నడిసీసినాను. కడవ అక్కడే ఉండిపోనాది."

"మా అయ్య కొట్టీవోడా?"

"లేదు. మంచోడే. మాటాడడు, అంతే. ఇంట్లో మాటాడీవోడు లేకపోతే ఎలగుంటాదో నీకు తెల్దు."

నాకు తెలుసు.

"నన్ను తీసుకెల్దామనిపించలేదా?"

"నెల్లిమర్ల టేసను కాడ అనిపించింది," అంది. "అప్పటిదాకా ఏటీ అనిపించలేదు, కాల్లు నడస్తన్నాయి, అంతే. టేసను కాడ ఒక గుంటడు వాల్లమ్మ కొంగట్టుకుని ఉన్నాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు. బండి వచ్చీసింది. ఎనక్కొస్తే మరి ఎల్లలేనని తెలుసు. ఎక్కీసినాను." నేను తిన్న గిన్నె పక్కకి జరిపి, "ఆలోసించుంటే నాను ఎల్లలేకపోదును బాబూ," అంది.

ఏడవలేదు. ఏడ్చింది నేను. అరుగు మీద, పట్టపగలు, అటూ ఇటూ పోయే జనం చూస్తుండగా. ఆమె వెళ్ళిపోయిన ఆ పొద్దు నేను మాడువాసనకి మెలకువ వచ్చి చాప మీద లేచి కూర్చున్నాను. అంబలి పొంగి, పొయ్యి ఆరి, కుండ అడుగంటింది. అమ్మ వచ్చి దించుతుందని చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి ఆమెకి చెప్పాను. అప్పుడు ముట్టుకుంది. తల మీద చెయ్యి వేసి ఉంచింది. చింతపండు పెట్టి తోమినా గోగు కంపు పోలేదు.

నేను వెతికినది కారణం. పదిహేడేళ్ళలో ఎన్ని కారణాలు కల్పించుకున్నానో! నాన్న, నాయనమ్మ, ఆ రెండో ఆయన, చివరికి నేను చేసిన అల్లరి. అన్నిటికీ గళ్ళు కొట్టి ఉంచుకున్నాను. అక్కడ కారణమే లేదు. కడవ దింపిన చోట దారి కనబడింది. ఒక వాక్యం రాసి, దాని వెనక నడిచి పోయే నా విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ అరుగు మీద తెలిసింది. నాకదేమంత ఆనందం కలిగించలేదు. ఆ విద్య కాగితం మీద చేస్తే చదివినవాళ్ళు మెచ్చుకుంటారు. బతుకులో చేస్తే ఒక పిల్లాడు మాడిన కుండ ముందు కూర్చుంటాడు. అయినా కోపం రాలేదు. తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

సాయంత్రం బస్సుకి గట్టు దాకా వచ్చింది. మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని అడిగాను.

"ఎప్పుడు బుద్ది పుడితే అప్పుడొచ్చీ," అంది. "అనుకుని రాకు. అనుకుంటే రాలేవు."

నౌపడ వచ్చి నవలని మొదటి అక్షరం నుంచి మళ్ళీ రాశాను. టైంటేబుల్ వెనక గీసిన గళ్ళ కాగితం మా వాడికి తిరిగి ఇచ్చేశాను. పన్నెండో అధ్యాయమే లేదు. తొమ్మిదితో అయిపోయింది. అందులో తల్లి గుమ్మంలోకి వచ్చి కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళడుగుతుంది. ఆ తర్వాత ఏం చేస్తుందో ఆమెకే వదిలేశాను. దీపావళికి రెండు రోజుల ముందు పంపాను. పత్రికవాళ్ళు తిప్పి పంపారు. సంగ్రహంలో వాగ్దానం చేసిన ముగింపు ఇందులో లేదు, తల్లి పశ్చాత్తాపం పడనే లేదు, పాఠకులు ఒప్పుకోరు అని రాశారు. మా వాడు ఆ ఉత్తరం చదివి, తప్పంతా తనదేనన్నట్టు తల దించుకున్నాడు. నాకు బాధ కలగలేదని చెప్పను. వారం వారం ఎవరో ఎదురుచూస్తారన్న ఆశ పోయింది. ఆ చలికాలమంతా గదిలో దిగులుగానే గడిచింది. ఆ నవల ఆరేళ్ళ తర్వాత ఇంకెక్కడో అచ్చయింది. అప్పటినుంచి నేను ఏ పుస్తకానికీ ప్లాను గీయలేదు.

ఒక్కదానికే గీశాను. మళ్ళీ కళింగపట్నం వెళ్ళడానికి.

ఉప్పు పని మొదలయ్యే లోపల వెళ్దామనుకున్నాను. చీర పట్టుకెళ్ళాలి గదా, ఏ రంగు కట్టుకుంటుందో తెలియదు, ఆలోచించాను. అక్కడ ఆయన ఇంట్లో ఉంటే ఏమని పిలవాలి? మావా అనాలా, ఏమీ అనకూడదా? అది తేలాక వెళ్దామనుకున్నాను. కథలు రాస్తానని ఈసారి చెప్పాలి, చెప్తే ఎలా మొదలుపెట్టాలి? నాన్నకి తెలిస్తే ఏమనుకుంటాడు? వేసవిలో పని ఒత్తిడి, వానలు పడ్డాక చూద్దాం. వానల్లో గట్టు మీద నడవలేం, గోగు తీసే రోజుల్లో వెళ్దాం. ఎన్ని సిగరెట్టు పెట్టెలు చింపానో లెక్కలేదు. ప్రతి ప్లానూ బాగుండేది. అందులో నేను వెళ్ళేవాణ్ణి, గుంట ఒడ్డున ఆమె తలెత్తి చూసేది, మొదటి మాట నేనే అనేవాణ్ణి.

ఏడాది దాటింది. అటువైపునుంచి ఉప్పు పనికి వచ్చిన ఒక మనిషి, ఆఫీసులో పేరు రాయించుకుంటూ, మాటల మీద మా ఊరు రామతీర్థం దగ్గరని విని, నేనెవరో పోల్చుకుని చెప్పాడు. వానాకాలంలో అమ్మ జ్వరం తగిలి పోయిందట. అప్పటికి మూడు నెలలు దాటాయి. నాకు కబురు పెట్టాలంటే నేనెక్కడుంటానో అక్కడ ఎవరికీ తెలియదు. ఉప్పు ఆఫీసన్నాను గాని, ఏ ఊళ్ళోనో నేను చెప్పి రాలేదు, ఆమె అడగలేదు.

"రేపో మాపో వస్తాడనీసి అనీది," అన్నాడతను. "ఏటో, నువ్వు రాలేదు."

ఆమె నాకు ముందే చెప్పింది, గట్టు మీద, బస్సు వస్తుండగా. అయినా నేను అనుకుంటూ కూర్చున్నాను.